సబ్‌జైల్లో గుర్తింపు పరేడ్: సాక్షిగా నా అనుభవం

మా కోనసీమ పల్లెల్లో దొంగతనం అంటే కొబ్బరికాయలు, మోటార్లు, చెరువుల మీద రొయ్యలు. మెళ్ళో గొలుసు లాక్కుపోవడం టీవీలో చూసే సంగతి. 2018 వేసవిలో అది మా పక్కింటి అత్తయ్యగారికి జరిగింది. స్కూటీ నడుపుతున్నది నేను. అలా ఆ కేసులో రెండో సాక్షినయ్యాను. పోలీస్ స్టేషన్లో వాంగ్మూలం, సబ్‌జైల్లో గుర్తింపు పరేడ్ (అనుమానితుణ్ణి ఇంకొందరితో కలిపి వరసలో నిలబెట్టి గుర్తుపట్టమనడం), చివరికి కోర్టు బోను, అన్నీ చూశాను.

సాక్షిగా పిలుపొస్తే ఏం జరుగుతుందో, ఎలా నడుచుకోవాలో చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. నా అదృష్టం కొద్దీ అప్పట్లో మా అక్క కూతురు అమ్మలు లా చదువుతోంది. దాని పాఠాల్లో అప్పుడే ఎలిజబెత్ లాఫ్టస్ అనే అమెరికా ప్రొఫెసర్ గురించి వచ్చిందట. ఆవిడ మనస్తత్వ శాస్త్రాన్ని కోర్టు కేసులకి ముడిపెట్టి పనిచేసిన మనిషి. సాక్షి జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగ్గది అనే ఒక్క ప్రశ్న మీద యాభై ఏళ్ళు పనిచేశారు. ఆవిడ చెప్పినవి ఆ రాత్రి ఫోన్లో నా చెవిన పడకపోతే నేను ఇంకో రకం సాక్షినై ఉండేదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

దాళ్వా మాసూళ్ళు, అంటే రెండో పంట కోతలు, నడుస్తున్న రోజులు. రావులపాలెంలో పెళ్ళి బట్టలు కొనుక్కుని కాలువగట్టు రోడ్డు మీద వస్తున్నాం. లైట్లు వేసే వేళ. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉండటంతో నెమ్మదిగానే నడుపుతున్నాను. ఎదురుగా వచ్చిన బైకు ఒకటి మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగొచ్చి అడ్డంగా ఆగింది. ఇద్దరున్నారు. వెనక కూర్చున్నవాడు దిగి కత్తి చూపించాడు. అత్తయ్యగారి నానుతాడు పుస్తెలతో సహా లాగేశాడు. ఆవిడ అరిచేలోపే బండెక్కి వెళ్ళిపోయారు. కత్తి పిడికి నల్ల టేపు చుట్టి ఉండటం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ఆ కత్తి పట్టుకున్నవాడి మొహం మాత్రం అంత స్పష్టంగా లేదు.

ఇంటికి చేరేసరికి వీధంతా అత్తయ్యగారి అరుగు మీదే ఉంది. ఆవిడకి మంచినీళ్ళిస్తూ, విసురుతూ, ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు. "ఎర్ర చొక్కాయేనా? సాయంత్రం ఎర్ర చొక్కావాడొకడు వంతెన దగ్గర తచ్చాడుతుంటే చూశానండి." "బక్కగా, పొడుగ్గా ఉంటాడు, వాడేనా?" "మాట మనవైపు మాటేనా?" అడిగేవాళ్ళంతా ప్రేమతో అడిగేవాళ్ళే. కానీ భోజనాల వేళకి అత్తయ్యగారు కొత్తగా వచ్చినవాళ్ళకి కథ చెబుతూ "ఎర్ర చొక్కా వేసుకున్నాడమ్మా" అంటున్నారు. స్కూటీ దిగినప్పుడు ఆవిడ నోట చొక్కా రంగు రాలేదు. నాకూ రంగు గుర్తులేదు. అయినా ఆ మాట పదిసార్లు వినేసరికి నా కళ్ళ ముందు కూడా ఎర్ర చొక్కా కదలడం మొదలైంది. అదే నన్ను భయపెట్టింది.

అక్క ద్వారా విషయం తెలిసి అమ్మలు ఫోన్ చేసింది. ఎలా ఉన్నావని అడిగాక దాని మొదటి మాట ఇది: "పిన్నీ, ఆ అరుగు మీంచి లేచి ఇంట్లోకి వెళ్ళు. ఎవరితోనూ దాని గురించి మాట్లాడకు. నువ్వు చూసింది చూసినట్టు రాసెయ్. గుర్తులేనిది గుర్తులేదని రాయి. తారీఖు, టైము వేసి సంతకం పెట్టు."

స్కూల్ నోట్‌బుక్ చివరి పేజీల్లో రాశాను. కత్తి, నల్ల టేపు, బైకు నలుపో ముదురు నీలమో, నంబరు చూడలేదు, దిగినవాడు నాకంటే పొడుగు, చొక్కా రంగు గుర్తులేదు, గడ్డం ఉందో లేదో చెప్పలేను, బండి నడిపినవాడి మొహం అసలు చూడలేదు. రాస్తుంటే తెలిసింది, నాకు తెలిసింది ఎంత తక్కువో.

అప్పుడే అమ్మలు లాఫ్టస్ 1974 నాటి ప్రయోగం చెప్పింది. జాన్ పామర్ అనే ఆయనతో కలిసి చేశారు. విద్యార్థులకి కార్లు ఢీకొన్న చిన్న ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో చెప్పమన్నారు. అందరికీ చూపించింది ఒకటే, అడగడంలోనే తేడా. కొందరిని "ఒకదానికొకటి తగిలినప్పుడు" అని అడిగారు, కొందరిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని. తగిలినప్పుడు అని విన్నవాళ్ళు సగటున గంటకి 31.8 మైళ్ళు అన్నారు. నుజ్జయినప్పుడు అని విన్నవాళ్ళు 40కి పైనే అన్నారు. రెండో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు చూశారా అని అడిగారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు. నుజ్జయినప్పుడు అనే ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలుగా "గుద్దుకున్నప్పుడు" అని అడిగిన 50 మందిలో 7గురు చూశామన్నారు. అంటే ప్రశ్నలోని మాట వెళ్ళి చూసిన దృశ్యంలో కలిసిపోయింది. మా అరుగు మీద ఎర్ర చొక్కా చేసిన పనీ అదే.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళాం. ఊరి పేరు, స్టేషన్ పేరు ఇక్కడ చెప్పను. అక్కడివాళ్ళు మాతో మర్యాదగానే ఉన్నారు. కూర్చోబెట్టారు, టీ తెప్పించారు. నాకు నచ్చనిదొకటుంది. వాంగ్మూలం రాసుకుంటున్న రైటరుగారు నేను చెప్పింది రాసి, ఆఖర్న అలవాటుగా ఒక వాక్యం చేర్చారు: "సదరు ముద్దాయిలను మరలా చూసిన యెడల గుర్తుపట్టగలను." చదివి వినిపించమని అడిగాను కాబట్టి తెలిసింది.

"గుర్తుపట్టగలనో లేదో చెప్పలేనండి. నేను ఆ మాట అనలేదు."

"ఆయ్, అలాగే రాస్తామండి అందరికీ. లేకపోతే కేసు బలంగా ఉండదు."

"మీరు ఏమనుకోనంటే మార్చి రాయండి."

కాసేపు నా వంక చూసి, మార్చారు. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోరు. తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. సంతకం లేదు కాబట్టి ఏముందిలే అనుకోవద్దు. రేపు కోర్టులో మన మాటకీ ఆ కాగితానికీ తేడా వస్తే, దాన్ని చూపించే మనల్ని నిలదీస్తారు. చదివి వినిపించమని అడగండి. మీరు అననిది ఉంటే తీయించండి.

రైటరుగారు ఇంకోటి కూడా అడిగారు: "కత్తి అంత బాగా గుర్తున్నప్పుడు మొహం గుర్తులేకపోవడమేంటండి టీచరుగారూ?" అప్పుడు నాకు జవాబు తెలీదు. తర్వాత తెలిసింది. 1987లో లాఫ్టస్ బృందం రెస్టారెంట్ కౌంటర్ దగ్గర ఒక మనిషి నిలబడ్డ స్లైడ్లు చూపించింది. కొందరికి అతను చెక్కు ఇస్తున్నట్టు, కొందరికి తుపాకీ గురిపెట్టినట్టు. చూసేవాళ్ళ కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో యంత్రంతో కొలిచారు. చెక్కు మీద కంటే తుపాకీ మీద చూపు ఎక్కువసేపు, ఎక్కువసార్లు ఆగింది. తుపాకీ చూసినవాళ్ళు ఆ మనిషిని గుర్తుపట్టడంలో వెనకబడ్డారు. ఆయుధం ఉన్నచోట కన్ను ఆయుధం మీదే ఉంటుంది. సాక్షి మొహం చెప్పలేకపోయిందంటే భయపడి దాస్తోందని అనుకోవడం అన్యాయం.

కొన్ని వారాల తర్వాత ఇంకో కేసులో ఇద్దరు కుర్రాళ్ళు దొరికారనీ, మా గొలుసు కూడా వాళ్ళ పనేననీ కబురొచ్చింది. ఒక కానిస్టేబుల్ ఫోన్ చేసి "వాట్సాప్‌లో ఫొటో పెడతానండి, ఒకసారి చూసి చెప్పండి" అన్నారు. వద్దన్నాను. పంపితే తెరవనని కూడా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు. ఆ రోజుల్లో మా ఊరి గ్రూపుల్లో ఫార్వర్డ్ అయిన ఫొటోలేవీ తెరవలేదు. ఎందుకంటే ఫొటో చూశాక ఆ మొహం నాకు తెలిసిన మొహం అయిపోతుంది. రేపు వరసలో నిలబెట్టినప్పుడు కాలువగట్టు మీద చూసి గుర్తుపట్టానో, ఫోన్లో చూసి గుర్తుపట్టానో నాకే తెలీదు. అత్తయ్యగారికి కూడా చెప్పాను. ఆవిడ "ఆయ్, చూడను లేమ్మా" అన్నారు.

ఈలోగా ఊళ్ళో సలహాలకి కొదవ లేదు. ఇదంతా ఎందుకు, ఆ కుర్రాళ్ళకి లై డిటెక్టర్ పెడితే తేలిపోదా అని మా బావగారు అన్నారు. పెట్టలేరు. నార్కో పరీక్ష, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదైనా సరే, మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తర్వాత కోర్టు నుంచి గుర్తింపు పరేడ్‌కి రమ్మని పిలుపొచ్చింది. ఆ పరేడ్‌కి ఆధారం అప్పట్లో 1872 నాటి సాక్ష్య చట్టంలో 9వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో 7వ సెక్షన్. జనంలో ఒక అపోహ ఉంది, పరేడ్‌లో చూపిస్తే చాలు శిక్ష పడిపోతుందని. అది నిజం కాదు. కోర్టులో ప్రమాణం చేసి గుర్తుపట్టడమే అసలు సాక్ష్యమనీ, పరేడ్ దానికి బలం చేకూర్చేది మాత్రమేననీ సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. పరేడ్ ఎలా జరపాలో మన రాష్ట్రంలో క్రిమినల్ కోర్టులు పాటించే నిబంధనల్లోనే ఉంది, 34వ నిబంధన.

ఆ రోజు సబ్‌జైలు దగ్గర నాకు కనిపించినవన్నీ ఆ నిబంధనలో ఉన్నవేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. మమ్మల్ని లోపల ఏమీ కనపడని గదిలో కూర్చోబెట్టారు. పోలీసువాళ్ళు లోపలికి రాలేదు. పరేడ్ జరిపింది మేజిస్ట్రేట్‌గారు. ముందు అత్తయ్యగారిని పిలిచారు. ఆవిడ బయటికొచ్చాక మళ్ళీ నా దగ్గరకి పంపలేదు, వేరే దారిలో తీసుకెళ్ళారు. చూసొచ్చిన సాక్షి చూడాల్సిన సాక్షితో మాట్లాడకూడదు. తర్వాత బంట్రోతు నా కోసం వచ్చాడు.

నడుస్తుంటే గుండె దడదడలాడింది. ఇన్నాళ్ళూ లేని టెన్షన్ అప్పుడొచ్చింది. మేజిస్ట్రేట్‌గారు చిన్నవయసావిడ. నిలబెట్టి మెల్లగా అడిగారు: వీళ్ళలో ఎవరైనా ముందే పరిచయం ఉన్నవాళ్ళా, ఏ గుర్తులని బట్టి పోల్చుకుంటారు, ఈమధ్య ఫొటోలేమైనా చూశారా. చూడలేదని చెప్పాను. తర్వాత ఒక మాట అన్నారు. దాన్ని ఇప్పటికీ దణ్ణం పెట్టుకున్నట్టు తలుచుకుంటాను. "మీరు చూసిన మనిషి ఈ వరసలో ఉండొచ్చు, లేకపోవచ్చు. చెప్పలేకపోతే చెప్పలేనని చెప్పండి. తప్పేమీ లేదు."

వరసలో ఉన్నవాళ్ళంతా ఒకే ఈడువాళ్ళు, దాదాపు ఒకే పొడుగు. మామూలు చొక్కాలు. అనుమానితుడు ఎక్కడ నిలబడతాడో అతనే ఎంచుకోవచ్చట. ఒక సాక్షి వెళ్ళాక ఇంకో సాక్షి వచ్చేలోపు వరస మార్చడం కూడా పద్ధతి. ఒక చివర నుంచి నెమ్మదిగా నడిచాను. మళ్ళీ వెనక్కి నడిచాను. మధ్యలో ఒకతని దగ్గర కాళ్ళు ఆగాయి. పొడుగు, కోలమొహం. మిగతా అందరికంటే ఇతను దగ్గరగా ఉన్నాడనిపించింది. చెయ్యి ఎత్తేద్దామనిపించింది. అత్తయ్యగారి బోసిమెడ గుర్తొచ్చింది. ఇంత దూరం వచ్చి ఊరికే వెళ్ళిపోతే ఎలా అనిపించింది.

ఆ క్షణంలో నన్ను నేను వేసుకున్న ప్రశ్న ఒకటే. ఇతను ఆ మనిషా, లేక ఈ వరసలో ఆ మనిషికి దగ్గరగా ఉన్నవాడా? మొదటిదానికి అవునని అనలేకపోయాను. "చెప్పలేనండి" అన్నాను. మేజిస్ట్రేట్‌గారు మొహంలో ఏ మార్పూ లేకుండా రాసుకున్నారు.

ఆ ప్రశ్న నా సొంతం కాదు. అయోవా స్టేట్ యూనివర్సిటీలో గ్యారీ వెల్స్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. ఆయనా ఈ రంగంలో పెద్దపేరు. సాక్షులు చాలాసార్లు వరసలోని మనుషుల్ని తమ జ్ఞాపకంతో కాక ఒకరితో ఒకరిని పోల్చుకుని, ఉన్నవాళ్ళలో దగ్గరగా ఉన్నవాణ్ణి ఎంచుకుంటారని ఆయన చెప్పారు. 1993లో ఆయన వేసిన ప్రయోగంలో, అసలు దొంగ వరసలో ఉన్నప్పుడు సగానికి పైగా సాక్షులు అతన్నే చూపించారు. అతన్ని వరసలోంచి తీసేసి, వేరెవర్నీ పెట్టకుండా చూపిస్తే, వాళ్ళంతా "ఇక్కడ లేడు" అనాలి కదా. చాలామంది అనలేదు. మిగిలినవాళ్ళలో దగ్గరగా ఉన్న ఇంకొకరి మీదకి మళ్ళారు. "ఉండొచ్చు, లేకపోవచ్చు" అనే మాట ముందే చెబితే ఈ తప్పు తగ్గుతుంది. ఆ చిన్నవయసు మేజిస్ట్రేట్‌గారు ఆయన పేరు విన్నారో లేదో గానీ, చెప్పాల్సిన మాట చెప్పారు.

బయటికొచ్చాక గేటు దగ్గర ఒక హెడ్ కానిస్టేబుల్‌గారు అడక్కూడని ప్రశ్న అడిగారు, ఎవర్ని చూపించారని. చెప్పాను. "కొంచెం ధైర్యం చెయ్యాల్సిందమ్మా" అన్నారు. అత్తయ్యగారితో మాత్రం "మీరు కరెక్టుగా పట్టారండి" అన్నారట. ఆటోలో ఆవిడ నాతో అన్నది ఇది: "వాడిలాగే ఉన్నాడమ్మా ఒకడు. వాణ్ణే చూపించాను." నేనెవర్నీ చూపించలేదని తెలిశాక దారంతా మాట్లాడలేదు. చాలా రోజులు మాట్లాడలేదు. మా మామిడికాయల పళ్ళెం కూడా తిరిగొచ్చేసింది ఆ వేసవిలో.

గొలుసు దొరికింది. ఇద్దరిలో ఒకడి దగ్గర. అప్పుడు వస్తువుల గుర్తింపు విడిగా పెట్టారు. అలాంటివే మరికొన్ని నానుతాళ్ళు, పుస్తెలు కలిపి ముందు పెట్టారు. అత్తయ్యగారు కళ్ళజోడు కూడా సర్దుకోకుండా, చేత్తో తడిమి తీసేశారు. ఒక పుస్తె వెనక ఎప్పుడో కంసాలి వేసిన అతుకు ఉంది. పెళ్ళైన దగ్గర్నుంచి రోజూ కళ్ళకద్దుకున్న పుస్తె. ఆ గుర్తింపుని ఏ లాయరూ కదపలేకపోయాడు. ఆ రెండు గుర్తింపులకీ ఉన్న తేడా నాకప్పుడు అర్థమైంది. ఏళ్ళ తరబడి ఒంటి మీద ఉన్నదాన్ని పోల్చుకోవడం వేరు, మసక వెలుతురులో కొన్ని క్షణాలు కనపడ్డ కొత్త మొహాన్ని పోల్చుకోవడం వేరు. చట్టం రెండింటినీ గుర్తింపు అనే అంటుంది.

ఈ మధ్యకాలంలో లాఫ్టస్ గురించి దొరికిందల్లా చదివాను. ఆవిడ 1944లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు. చాలా ఏళ్ళు వాషింగ్టన్ యూనివర్సిటీలో పనిచేసి, 2002 నుంచి అర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రమూ లా రెండూ చెబుతున్నారు. 2004లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు, 2005లో గ్రోమేయర్ అవార్డు, 2016లో జాన్ మాడక్స్ ప్రైజ్ వచ్చాయి. వందల కేసుల్లో నిపుణురాలిగా సలహా ఇచ్చారు, సాక్ష్యం చెప్పారు.

1995లో జాక్వెలిన్ పిక్రెల్‌తో కలిసి అచ్చువేసిన ప్రయోగం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. 24 మందికి వాళ్ళ చిన్ననాటి సంఘటనలంటూ కొన్ని ఇచ్చారు. అందులో ఒకటి కల్పించింది, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని. దాదాపు నాలుగో వంతు మంది ఆ జరగనిదాన్ని పూర్తిగానో కొంతగానో గుర్తుచేసుకున్నారు.

లాఫ్టస్ సొంత జీవితంలోదే ఇంకోటి. ఆవిడకి 14 ఏళ్ళప్పుడు తల్లి ఈతకొలనులో మునిగి చనిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత బంధువు ఒకాయన "మీ అమ్మని మొదట చూసింది నువ్వే కదా" అన్నాడు. ఆవిడకి అలాంటి గుర్తు లేదు. కానీ ఆ మాట విన్నాక దృశ్యాలు ఒక్కొక్కటే రాసాగాయి. కొన్నాళ్ళకి ఆ కుటుంబం నుంచే ఫోన్ వచ్చింది, పొరపాటు, మొదట చూసింది పిన్ని అని. జ్ఞాపకం ఎలా మారుతుందో జీవితమంతా చదివిన మనిషికే అలా జరిగింది. మా అత్తయ్యగారిని ఏమంటాం?

లాఫ్టస్ మీద కోపమున్నవాళ్ళు తక్కువేం కాదు. అత్యాచారం, హత్య కేసుల్లో నిందితుల తరఫున సాక్ష్యం చెబుతారు. 2020లో సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ విచారణలో కూడా చెప్పారు. బాధితుల మాటని నీరుగారుస్తోందని బెదిరింపులు వచ్చాయి. ఒక ఆడదానిగా మొదట నాకూ మనసొప్పలేదు. నిజంగా జరిగినదాన్ని చెప్పుకునే ఆడవాళ్ళని నమ్మనివాళ్ళు మన దగ్గర ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆవిడ పరిశోధనని అడ్డం పెట్టుకుని "ఆడవాళ్ళ జ్ఞాపకాలన్నీ ఇంతే" అనే లాయర్లూ ఉంటారు. కానీ ఆవిడ చెప్పింది అది కాదు. సాక్షి అబద్ధమాడుతోందని ఆవిడ అనలేదు. నిజాయితీగా, పూర్తి నమ్మకంతో చెప్పే మాట కూడా తప్పు కావచ్చనీ, అడిగేవాళ్ళు జాగ్రత్తగా అడగాలనీ అన్నారు. బాధితురాలి మాట చెడిపోకుండా కాపాడే జాగ్రత్త అది. నేనలాగే తీసుకున్నాను.

కోర్టు పిలుపులు చాలా ఆలస్యంగా వచ్చాయి. వాయిదాలు, మధ్యలో కరోనా, అదంతా అందరికీ తెలిసిన కథే. బోనెక్కేసరికి చాలా సంగతులు నా తలలో పలచబడిపోయాయి. నోట్‌బుక్ తీసుకెళ్ళాను. సంఘటన జరిగిన వెంటనే తాను రాసుకున్న కాగితాన్ని చూసి సాక్షి జ్ఞాపకం తెచ్చుకోవచ్చు. అప్పటి సాక్ష్య చట్టంలో 159వ సెక్షన్ అందుకే ఉండేది. ఎదుటి పక్షానికి దాన్ని చూసే హక్కు కూడా ఉంది. బైకు రంగు అడిగినప్పుడు జడ్జిగారి అనుమతి తీసుకుని చూసి చెప్పాను. డిఫెన్స్ లాయరుగారు నోట్‌బుక్ తీసుకుని పేజీలన్నీ తిప్పారు. "చొక్కా రంగు గుర్తులేదు" అని నేనే రాసుకున్న చోట ఆగారు. నన్ను పెద్దగా అడగలేదు.

అత్తయ్యగారి క్రాస్ ఎగ్జామినేషన్ మాత్రం కష్టమైంది. ఆవిడ నిందితుల్లో ఒకణ్ణి వేలుపెట్టి చూపించి "వీడేనండి, నా కళ్ళారా చూశాను, ఎర్ర చొక్కా వేసుకున్నాడు" అన్నారు. లాయరుగారు పరేడ్ నాటి కాగితాల్లోంచి ఆవిడ మాట చదివారు: "ఇతనిలాగే ఉన్నాడు." మొదటి ఫిర్యాదులో చొక్కా రంగు లేదని చూపించారు. "లాగే ఉన్నవాడు వీడెప్పుడయ్యాడమ్మా?" అని అడిగారు. ఆవిడ మొహం ఎర్రబడింది. "నేను అబద్ధం ఆడతానా బాబూ, ఈ వయసులో?" అన్నారు. ఆడలేదు. ఆవిడ తలలో ఆ మొహం నిజంగానే అంత స్పష్టంగా ఉంది. కానీ ఆ స్పష్టత ఎప్పుడొచ్చింది? గేటు దగ్గర "కరెక్టుగా పట్టారు" అన్న మాటతో కొంత, పదిమందికి పదిసార్లు చెప్పడంతో కొంత.

1998లో వెల్స్, ఎమీ బ్రాడ్‌ఫీల్డ్ కలిసి ఇదే చూపించారు. వరసలో అసలు దొంగే లేని చోట తప్పుగా ఎంచుకున్న సాక్షులకి "బాగా గుర్తుపట్టారు" అని ఒక్క మాట చెబితే, వాళ్ళ నమ్మకం పెరగడమే కాదు, దొంగని బాగా దగ్గరగా, శ్రద్ధగా చూశామని కూడా చెప్పారు. లాఫ్టస్ చూసిన స్టీవ్ టైటస్ కేసు కూడా అంతే. 1980లో సియాటిల్ దగ్గర అత్యాచార బాధితురాలు ఫొటోల్లో అతన్ని చూసి "ఇతను అందరికంటే దగ్గరగా ఉన్నాడు" అంది. విచారణలో "కచ్చితంగా ఇతనే" అంది. తర్వాత ఒక విలేఖరి తవ్వి తీస్తే అసలు మనిషి వేరని తేలింది. టైటస్ నిర్దోషిగా బయటపడ్డాడు గానీ ఉద్యోగం పోయింది, పెళ్ళి ఆగింది, నష్టపరిహారం దావా తేలకముందే 35 ఏళ్ళకి గుండెపోటుతో పోయాడు.

మా కేసులో గొలుసు దొరికినవాడికి శిక్ష పడింది. అత్తయ్యగారు చూపించిన రెండోవాణ్ణి వదిలేశారు. ఆ రోజు కత్తి పట్టుకున్నది అతనా కాదా, నాకు తెలీదు. జైలు వరసలో నా కాళ్ళు ఆగింది అతని దగ్గరేనా? అదీ ఒట్టేసి చెప్పలేను.

మన పరేడ్‌లో మంచి ఉంది. పోలీసుల్ని బయట ఉంచి మేజిస్ట్రేట్ జరపడం చాలా మంచి పద్ధతి. ఇంకో రెండు చేస్తే బాగుండునని నా కోరిక. సాక్షి ఎవరినైనా చూపించినప్పుడు, ఎంత నమ్మకంతో చూపిస్తున్నారో అప్పటికప్పుడే వాళ్ళ మాటల్లోనే ప్రతిచోటా రాయాలి. మా మేజిస్ట్రేట్‌గారు రాశారు కాబట్టి "లాగే" అనే మాట మిగిలింది. రెండోది, ఫోన్లో ఫొటో చూపించి "వీడేనా" అని అడగడం ఆగాలి. ఒక్క వాట్సాప్ ఫొటోతో తర్వాత జరిగే పరేడ్ అంతా దండగ.

కిందటేడు మా ఊరి హైస్కూల్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెడితే, నన్ను మాట్లాడమన్నారు. ఇవన్నీ చెప్పాను. ఒక రైతు లేచి "అందరూ చెప్పలేం చెప్పలేం అంటే దొంగలు తప్పించుకోరా టీచరుగారూ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నార్త్ కరోలినాలో 1984లో జరిగింది చెప్పాను. జెనిఫర్ థాంప్సన్ అనే కాలేజీ అమ్మాయి తన మీద అత్యాచారం చేసినవాడి మొహాన్ని కావాలనే శ్రద్ధగా చూసి గుర్తుపెట్టుకుంది. ఫొటోల్లో ఒకతన్ని చూపించింది, వరసలోనూ అతన్నే చూపించింది. అతని పేరు రొనాల్డ్ కాటన్. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకీ ఇతనికీ సంబంధం లేదు గానీ, ఆ పేరు చెప్పగానే హాలంతా తలలెత్తి విన్నారు. అతను పదేళ్ళకి పైగా జైల్లో ఉన్నాడు. 1995లో డీఎన్ఏ పరీక్షలో తేలింది, చేసింది బాబీ పూల్ అనే వేరే మనిషి అని. తప్పు మనిషి వెనక పోలీసులు తిరుగుతున్నంత కాలం ఆ పూల్ బయట ఇంకా నేరాలు చేశాడు.

రైతుగారు కూర్చున్నారు. వెనక వరసలోంచి అత్తయ్యగారు లేచారు. నాతో ఎప్పుడో కలిసిపోయారు లెండి. మైకు ఇవ్వకుండానే గొంతెత్తి చెప్పారు: "మొహం సంగతి తర్వాతర్రా. ఇంటికెళ్ళి మీ పుస్తెలూ గొలుసులూ అన్నీ ఒకసారి తిరగేసి చూసుకోండి. అతుకెక్కడుందో, సొట్టెక్కడుందో ఒక కాగితమ్మీద రాసిపెట్టుకోండి. నాకు అదే పనికొచ్చింది."